పసిబిడ్డ ఒళ్లు తుడవడానికి ఉతికి వాడే గుడ్డలా, పారేసే వైప్సా?

తొలిచూలు:
ప్రసవానికి ఇంకొన్ని వారాలే ఉంది. బిడ్డకు కావలసినవి సర్దుతుంటే ఇంట్లో రెండు పక్షాలు తయారయ్యాయి. తడి వైప్స్ అంత శుభ్రమైనవి మరేవీ లేవని ఒకరు, మెత్తటి నూలు గుడ్డలూ గోరువెచ్చని నీళ్లూ ఉంటే చాలని ఇంకొకరు. నా మనసు గుడ్డల వైపే ఉంది. కానీ ఒకసారి మలం తుడిచిన గుడ్డను ఉతికి మళ్లీ పసికందు ఒంటికి తగిలించడం క్షేమమేనా అన్న బెంగ పోవడం లేదు. కారణాలతో సహా చెప్పండి.

నూలుపోగు:
బెంగ పడాల్సింది వైప్స్ గురించండీ. వాటిలో చాలావాటిని పాలియెస్టర్, పాలీప్రొపిలీన్ పోగులతో చేస్తారు. అంటే ప్లాస్టిక్. తడిలో బూజు, క్రిములు పెరగకుండా నిల్వ రసాయనాలు కలుపుతారు. అలాంటిదే మిథైల్‌ఐసోథయాజోలినోన్. దానివల్ల చర్మ అలర్జీలు ఎక్కువ కావడంతో, కడిగేయకుండా ఒంటిమీదే ఉండిపోయే ఉత్పత్తుల్లో దాన్ని వాడకుండా యూరోపియన్ యూనియన్ 2017లో నిషేధం తెచ్చింది. అప్పటిదాకా ఎందరు పిల్లల ఒంటికి రాశారో! నీళ్లకు అలాంటి చరిత్ర లేదు. వైప్స్ వాడితే పసి చర్మం పాడవుతుంది, అంతే.

పగలూరాత్రీ:
అలా తేల్చేయకండి. మాంచెస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 280 మంది నవజాత శిశువుల మీద చేసిన అధ్యయనం 2012లో వెలువడింది. కొందరికి వైప్స్, కొందరికి దూది, నీళ్లు. నాలుగు వారాల తర్వాత చర్మంలో తేమ కొలిచి చూస్తే వైప్స్ వాడిన పిల్లలు దూది వాడినవారికి తీసిపోలేదు. తల్లులను ఉత్తినే భయపెట్టడం అన్యాయం. పైగా ఆ గుడ్డలన్నీ ఉతికేది ఎవరు? కుట్లు కూడా మానని బాలింతే కదా! భూమిని కాపాడే బరువు కూడా ఆవిడ నడుం మీదే పెడతారా?

వార్డు నర్సు:
ఆ అధ్యయనానికి డబ్బు సమకూర్చింది అప్పట్లో వైప్స్ తయారుచేసే జాన్సన్ అండ్ జాన్సన్. అంతమాత్రాన ఫలితాన్ని కొట్టిపారేయను. నూలుపోగు గారూ, గుడ్డల తరఫున వాదించేటప్పుడు "వైప్స్‌తో చర్మం పాడవుతుంది" అన్న మాట మీద నిలబడకండి, ఆ నేల గట్టిది కాదు. అయితే పగలూరాత్రీ గారు గమనించాల్సింది ఒకటుంది. అక్కడ పోల్చింది దూదితో. దూదీ పారేసేదే. ఉతికి వాడే గుడ్డ సంగతి ఆ అధ్యయనం అడగనే లేదు. గుడ్డకున్న గొప్ప గుణం, నీళ్లు తప్ప మరేదీ ఒంటికి తగలకపోవడం. దానికున్న లోపం, సరిగా ఉతకకపోయినా ఆరకపోయినా అందులో క్రిములు చేరడం. తొలిచూలు గారి బెంగ సరైన చోటే ఉంది.

అసలు పుట్టగానే కడిగేయాలన్న తొందర వద్దు. మొదటి స్నానానికి 24 గంటలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒంటిమీద తెల్లగా, జిగటగా ఉండే వెర్నిక్స్ మురికి కాదు, చర్మాన్ని పొడిబారనివ్వని పూత. తొందరపడితే బిడ్డ ఒళ్లు చల్లబడుతుంది కూడా. బొడ్డుతాడు ఎండి రాలేదాకా తడిగుడ్డతో తుడిస్తే చాలు. దాని చుట్టూ ఎర్రబడినా, చీము, దుర్వాసన కనిపించినా డాక్టరుకు చూపించండి. బొడ్డుతాడు రాలాక వారానికి రెండు మూడు స్నానాలు సరిపోతాయి. ముఖం, మెడ మడతలు, డైపర్ వేసే చోటు మాత్రం రోజూ శుభ్రం చేయాలి. తొట్టిలో ముందు చన్నీళ్లు, తర్వాత వేడినీళ్లు పోయండి. 37 డిగ్రీల వేడి చాలు, మోచేతికి గోరువెచ్చగా తగలాలి. పుట్టినప్పుడు దాదాపు తటస్థంగా ఉండే చర్మం తర్వాతి వారాల్లో కొద్దిగా ఆమ్లగుణం సంతరించుకుంటుంది. క్షారగుణమున్న మామూలు సబ్బు దానికి అడ్డు తగులుతుంది, కాబట్టి మొదట్లో ఉత్త నీళ్లే మేలు.

తుడవడం కళ్లతో మొదలుపెట్టాలి. ముక్కు వైపు నుంచి చెవి వైపుకు, ఒక్కో కంటికి ఒక్కో శుభ్రమైన మూలతో. తర్వాత ముఖం, మెడ, చంకలు. పిరుదులు ఎప్పుడూ చివరే. ఆడపిల్లలకు ముందు నుంచి వెనక్కి తుడవాలి. రుద్దొద్దు, అద్దండి. ముఖానికీ డైపర్‌కూ వేర్వేరు రంగుల గుడ్డలు పెట్టుకుంటే రాత్రి నిద్రమత్తులో కూడా కలిసిపోవు.

కవలల నాన్న:
ఉతికేది ఎవరంటే, మా ఇంట్లో నేను. బాలింతే ఉతకాల్సి వచ్చే ఇంట్లో వైప్సే నయమని నేనూ ఒప్పుకుంటాను. మలం అంటిన గుడ్డను వెంటనే చన్నీళ్లలో జాడించి, 60 డిగ్రీల వేడినీళ్లలో, సువాసన లేని డిటర్జెంటుతో ఉతుకుతాను. ఇంకోసారి బాగా జాడించి, ఎండలో పూర్తిగా ఆరాకే మడతపెడతాను. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వాడితే గుడ్డ నీళ్లు పీల్చుకోదు. ఇక్కడ చాలామంది చేసే పని ఒకటుంది, ఉదయమే గుడ్డలన్నీ తడిపి డబ్బాలో పెట్టుకోవడం. దయచేసి వద్దు. నూలుపోగు గారు చెప్పిన నిల్వ రసాయనాలు వైప్స్‌లో కలిపేది అందుకే, అవి లేని తడిగుడ్డలో క్రిములు పెరుగుతాయి. పొడిగుడ్డను అప్పటికప్పుడు తడుపుకోవాలి.

పగలూరాత్రీ:
మీలా ఉతికే మనిషి ఉంటే నాకు అభ్యంతరం లేదు. మరి ప్రయాణంలో? శుభ్రమైన నీళ్లే దొరకని చోట?

వార్డు నర్సు:
అప్పుడు వైప్స్ వాడండి. సువాసన, ఆల్కహాల్ లేనివి చూసుకోండి. మరుగుదొడ్డిలో మాత్రం వేయకండి, గొట్టాలు పూడుకుపోతాయి.

తొలిచూలు:
గుడ్డల వైపే మొగ్గుతున్నాను, ఉతకడానికి మావారు ఒప్పుకున్నారు. ఎన్ని సిద్ధం చేసుకోవాలి?

కవలల నాన్న:
మొదటి వారాల్లో ఒక్కో బిడ్డకు రోజుకు 8 నుంచి 12 సార్లయినా డైపర్ మార్చాల్సి వస్తుంది. రోజు విడిచి రోజు ఉతికేటట్టయితే దానికి 40, ముఖానికి 10 ఉంచుకోండి. కొత్తవి కొననక్కర్లేదు. బాగా ఉతికి మెత్తబడిన పాత నూలు బట్టను చించినా సరిపోతుంది. అంచులు మాత్రం తప్పకుండా కుట్టండి. ఊడిన దారం పసివేలికి చుట్టుకుంటే రక్తం ఆడదు.