అప్‌డేట్: గేదె గ్రాన్యులోసా కణాల్లో ఈస్ట్రడయోల్ ఎందుకు రాలేదో తెలిసింది

కబేళా నుంచి తెచ్చిన గేదె అండాశయాల గ్రాన్యులోసా కణాలకు (అండం చుట్టూ ఉండే కణాలు) ఎస్‌వీ40 టీ యాంటిజన్ (కణాలు ఆగకుండా విభజన చెందేలా చేసే వైరస్ ప్రొటీన్) ఎక్కించాం, 20 పాసేజ్‌లు (కొత్త పాత్రలోకి మార్చి పెంచే విడతలు) దాటినా బాగా పెరుగుతున్నాయి, కానీ ఎఫ్‌ఎస్‌హెచ్ (అండాశయాన్ని ప్రేరేపించే హార్మోన్) ఇచ్చినా ఈస్ట్రడయోల్ (ఒక ఈస్ట్రోజన్ హార్మోన్) సున్నా అని అడిగింది నేనే. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

మైకోప్లాస్మా (కణాల కల్చర్‌ను పాడుచేసే బ్యాక్టీరియా) పరీక్ష నెగెటివ్. ఎఫ్‌ఎస్‌హెచ్ బ్యాచ్ మార్చినా తేడా లేదు. ఆ రెండిటి మీదే నెల పోయింది!

"ఆండ్రోస్టెనిడయోన్ వేస్తున్నారా?" అన్న ప్రశ్నే దారి చూపింది. వేయడం లేదు. అది ఒక ఆండ్రోజన్, అంటే ఈస్ట్రోజన్‌కు ముడిసరుకయ్యే హార్మోన్. గ్రాన్యులోసా కణాలు ఆండ్రోజన్‌ను సొంతంగా చేసుకోలేవు. అండాశయంలో అది గ్రాన్యులోసా పొర బయట ఉండే థీకా కణాల నుంచి అందుతుంది. ఆండ్రోజన్‌ను ఈస్ట్రోజన్‌గా మార్చే ఎంజైమ్ అరోమటేజ్ ఉన్నా ముడిసరుకు లేకపోతే ఏం చేస్తుంది? పైగా 10 శాతం సీరంలో పెంచడంతో కణాలు ల్యూటియల్ రకానికి (ప్రొజెస్టెరాన్ హార్మోన్ చేసే రకం) మళ్లాయి.

ఫ్రీజర్‌లోని తొలి పాసేజ్ కణాలను సీరం లేకుండా, ఇన్సులిన్, ఆండ్రోస్టెనిడయోన్, కొద్ది మోతాదు ఎఫ్‌ఎస్‌హెచ్‌తో పెంచాం. ఆరో రోజుకు ఈస్ట్రడయోల్ కనిపించింది.

20 పాసేజ్‌లు దాటిన కణాలు మాత్రం దారికి రాలేదు. ఆర్‌టీ-పీసీఆర్‌లో (జన్యువు పనిచేస్తోందో చూసే పరీక్ష) ఎఫ్‌ఎస్‌హెచ్‌ను అందుకునే రిసెప్టరే దొరకలేదు. రిసెప్టర్ లేకుండానే కణంలో సంకేతాన్ని లేపే ఫోర్‌స్కోలిన్ వేస్తే ప్రొజెస్టెరాన్ పెరుగుతోంది కాబట్టి వాటిని ప్రొజెస్టెరాన్ ప్రయోగాలకే ఉంచాం. ఈస్ట్రడయోల్ ప్రయోగాలకు మళ్లీ తాజా కణాలే, అంటే మళ్లీ తెల్లవారుజామునే కబేళాకు పరుగు.