చిన్న మోడల్ రైలు షంటింగ్ లేఅవుట్: సైడింగు కోసి సీనరీకి చోటివ్వొచ్చా?

కొత్తపట్టా:
అందరికీ నమస్కారం. నాది 120 సెం.మీ. పొడవు, 30 వెడల్పు ఉన్న ప్లైవుడ్ బోర్డు, హెచ్‌ఓ స్కేలు (అసలు రైలులో 87వ వంతు). ఆలన్ రైట్ గారి ఇంగిల్‌నుక్ పద్ధతిలో పట్టాలు పేర్చి, పిన్నులతో మాత్రం నిలబెట్టాను. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా: ఇది షంటింగ్ ఆట, అంటే ఇంజిన్‌తో వ్యాగన్లను ముందుకీ వెనక్కీ జరిపి వరస మార్చడం. మూడు సైడింగులు, అంటే వ్యాగన్లు నిలిపే పక్క పట్టాలు. ఒకదాంట్లో ఐదు వ్యాగన్లు, మిగతా రెంటిలో మూడేసి పడతాయి. షంటింగ్ నెక్‌లో (సైడింగులన్నీ కలిసే వైపు, ఇంజిన్ వ్యాగన్లను బయటికి లాగే పట్టా) ఇంజినూ మూడు వ్యాగన్లూ పట్టేంత చోటే ఉంటుంది. మొత్తం ఎనిమిది వ్యాగన్లు. చీటీలు తీసి, వచ్చిన ఐదింటినీ వచ్చిన వరసలోనే పొడుగు సైడింగులో నిలబెట్టాలి.

నా వ్యాగను కప్లింగులతో కలిపి 9 సెం.మీ., ఇంజిన్ 12, పాయింటు (బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకి మళ్లించే పట్టా) 18.5. నెక్‌కి 39, రెండు పాయింట్లకు 37, పక్క లైన్లో బండికి తగలకుండా వదలాల్సింది ఓ 10, మూడు వ్యాగన్లకు 27. వెరసి 113. మిగిలింది 7 సెం.మీ. మరి గోడౌనూ, లారీ దారీ, గేటూ ఎక్కడ పెట్టను? ముందువైపు సైడింగుని మూడు నుంచి రెండుకి కోసేద్దామనుకుంటున్నా. తప్పంటారా?

పాయింట్స్‌మన్:
తప్పే తమ్ముడూ. కొయ్యకు.

5, 3, 3 కలిపితే 11 గళ్లు, గడికో వ్యాగను. వ్యాగన్లు 8. ఖాళీలు 3. నెక్‌లో పట్టేవీ మూడే. ఆటంతా ఆ ఖాళీల్లోనే ఉంది. లోపలున్న వ్యాగను కావాలంటే దాని ముందున్న రెంటినీ లాగి ఇంకోచోట దించాలి. అక్కడ చోటు లేకపోతే ముందు అక్కడున్నదాన్ని కదపాలి. తల పట్టుకునేది అక్కడే, ఆనందమూ అక్కడే. ఎనిమిదిలోంచి ఐదింటిని వరసగా ఎన్ని రకాలుగా తియ్యొచ్చో లెక్కేస్తే 6720 వస్తుంది. నువ్వు ఒక గడి కోసేసి ఎనిమిది వ్యాగన్లూ ఉంచితే రెండే ఖాళీలు, ఊపిరాడదు. ఒక వ్యాగను తీసేసి ఏడుతో ఆడితే 2520కి పడిపోతుంది. గోడౌను రేపైనా కట్టుకోవచ్చు. ఒకసారి కోసి బిగించిన పట్టాని మళ్లీ పొడిగించాలంటే కంకరంతా పెకలించాలి.

కుంచె:
పాయింట్స్‌మన్ గారూ, మీ లెక్క ఒప్పుకుంటాను, తీర్పు మాత్రం ఒప్పుకోను. 6720 బండ్లూ ఎవరాడతారండీ? 3-2-2 అని చిన్న కొలత ఉండనే ఉంది. ఐదు వ్యాగన్లు, మూడింటి బండి, 60 రకాలు. రోజుకొకటి ఆడినా రెండు నెలలు పడుతుంది. అయినా ఇంగిల్‌నుక్ కాగితం మీద పజిల్‌గా పుట్టలేదు. ఇంగ్లండ్ ఉత్తరాన ఆల్నిక్ నుంచి కార్న్‌హిల్ వెళ్లే బ్రాంచి లైన్లో కిల్హామ్ సైడింగులు ఉండేవి, వాటిని చూసి ఆలన్ రైట్ గారికి తట్టింది. నిజమైన యార్డులో ప్రతి వ్యాగనూ ఏదో ఒక తలుపు దగ్గరికో, ప్లాట్‌ఫారం దగ్గరికో వెళ్తుంది. ఆ తలుపే లేకపోతే మనం కదిపేది అంకెలు వేసిన చెక్కముక్కల్ని.

ఇంకో మాట. పెద్ద లేఅవుట్లో బండి మన ముందునుంచి వెళ్లిపోతుంది. ఇక్కడ ఒకటే ఇంజిన్, అదే జానెడు చోటులో అరగంట ముందుకీ వెనక్కీ నడుస్తుంది, మనం అర మీటరు దూరంలో కూర్చుని చూస్తాం. కంటికి తప్పించుకునే దారి లేదు. అందుకే నేలని శ్రద్ధగా చెయ్యాలి. మెయిన్ లైన్లోలా కంకర కుప్పగా పొయ్యకూడదు. యార్డులో బూడిదా, మట్టీ కలిసిపోయి స్లీపర్ల పైఅంచు దాకా చదునుగా ఉంటుంది. ఇంజిన్ ఎక్కువసేపు ఆగేచోట నూనె మరక నల్లగా, మధ్యలో కొంచెం మెరుస్తూ ఉండాలి. గడ్డి రెండు పొడవుల్లో వెయ్యండి. బండ్లు నడిచేచోట 2 మి.మీ. పోగులు పలచగా, బఫర్ స్టాప్ (లైను చివర బండిని ఆపే అడ్డు) చుట్టూ 4 మి.మీ. పోగులు ఎండు రంగులో. స్టాటిక్ గ్రాస్ పరికరం పోగులకు విద్యుదావేశం ఇచ్చి నిలబెడుతుంది. కానీ అన్నీ ఒకే ఎత్తున నిలబడితే తివాచీలా ఉంటుంది. ఈ పనంతటికీ చోటు కావాలి. గడి పోతే పోనివ్వండి.

రాత్రిగూడ్స్:
మీరిద్దరూ పట్టా అయిపోయాకే గోడౌను మొదలవ్వాలన్నట్టు మాట్లాడుతున్నారు. పట్టానే గోడౌన్లోకి పోనివ్వొచ్చుగా!

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది, నేను ఒకసారి దెబ్బతిన్నాను. మూడో వ్యాగను మొత్తం లోపలికి వెళ్లేలా కట్టాను. తీరా చూస్తే రెండో దానికీ మూడో దానికీ మధ్య కప్లింగు సరిగ్గా తలుపు చట్రం కిందికొచ్చింది. విడదీసే పుల్ల దూరదు, దూర్చినా కొక్కెం కనబడదు. టార్చి పట్టుకుని వంగి ఆడాల్సొచ్చింది. తర్వాత గోడ కోసి తలుపుని వెనక్కి జరిపాను, సగం వ్యాగనే లోపలికి వెళ్లేలా. కప్లింగు బయటపడింది, బండి లోపల సరుకు దించుకుంటున్నట్టే ఉంది. కొత్తపట్టా గారి కొలతల్లో అది 4.5 సెం.మీ. ఎలాగూ మిగిలిన 7 కలిపితే 11.5 సెం.మీ. గోడౌను. ఒక్క గడీ పోదు. పైకప్పు మాత్రం అతికించకండి, లోపల పట్టా తప్పితే ఎత్తాలి.

పాయింట్స్‌మన్:
రాత్రిగూడ్స్ చెప్పింది బాగుంది. కాకపోతే కొత్తపట్టా గోడౌను పెడతానంటున్నది ముందువైపు. అది కుదరదు. చెయ్యి వచ్చేది ముందునుంచే. ముందు గోడ నిలబెడితే వెనక రెండు లైన్ల కప్లింగులూ దాని చాటుకి పోతాయి. కట్టడం వెనకవైపు సైడింగు చివరికి మార్చు, బ్యాక్‌సీన్‌కి (బోర్డు వెనక నిలబెట్టే బొమ్మ తెరకి) ఆనించి, 5 సెం.మీ. లోతు చాలు. ముందు భాగంలో వ్యాగను చక్రాలకన్నా ఎత్తున ఏదీ వద్దు.

ఇంకోటి. కంకర ఇప్పుడే పొయ్యొద్దు. కనీసం నెల రోజులు ఆడు. ఫ్రాగ్‌లకు (పాయింటులో రెండు లైన్ల పట్టాలు కలిసే ముక్కలకు) కరెంటు రాని పాయింట్లయితే, పొట్టి ఇంజిన్ అక్కడ నెమ్మదిగా దాటేటప్పుడు ఆగిపోతుంది. షంటింగంటేనే నెమ్మది. ఆ జబ్బు వైరింగుతో నయం చేసుకోవాలంటే పట్టా లేపాలి, జిగురు పడ్డాక అది నరకం.

కుంచె:
నెల రోజులు అని మొదలుపెట్టిన బోర్డులు ఏళ్ల తరబడి బోసి ప్లైవుడ్‌గానే ఉండిపోవడం నేను చాలా చూశాను. ఆడటం మరిగాక కుంచె పట్టుకోబుద్ధి కాదు. నా సలహా: పాయింట్ల దగ్గర మాత్రం ఆపండి, మిగతాది మొదలుపెట్టండి. ముందు పట్టాల పక్కలకి తుప్పు రంగు, ఆరకముందే పైఅంచు గుడ్డతో తుడిచెయ్యాలి. తర్వాత పొడిగా కంకర చల్లి బ్రష్‌తో సర్దడం. ఆపైన గిన్నెలు తోమే ద్రవం చుక్క కలిపిన నీళ్లు పొగమంచులా స్ప్రే చెయ్యాలి. అది లేకపోతే జిగురు ఇంకదు, కంకరని ఉండల్లా మోసుకుపోతుంది. చివర్న తెల్ల జిగురూ నీళ్లూ సగం సగం కలిపి డ్రాపర్‌తో.

రాత్రిగూడ్స్:
పాయింట్ల దగ్గర ఆపండన్నది వందసార్లు చదవండి. నా మొదటి బోర్డులో జిగురు స్లీపర్ కింద పాకి, పాయింటు నాలుక పట్టాల్ని కలిపి జరిపే టై బార్‌ని రాత్రికి రాత్రే బిగించేసింది. పొద్దున లీవరు లాగితే నాలుక పట్టా కదల్లేదు, గట్టిగా లాగితే టై బార్ విరిగింది. ఇప్పుడు అక్కడ జిగురు చుక్క కూడా వాడను. టై బార్‌కి నూనె పూసి, చుట్టూ మట్టి రంగు వేసి, ఆ తడి మీదే గింజలు నాలుగు అద్దుతాను, అంతే.

కొత్తపట్టా:
అందరికీ కృతజ్ఞతలు. మాటలకన్నా ఆడి చూడటం మేలనిపించి అట్టపెట్టెతో గోడౌను చేశాను. ముందువైపు పెట్టి పది ఆటలాడితే చెయ్యి తగిలి మూడుసార్లు పడిపోయింది. వెనకవైపుకి మార్చాక మరో పది ఆడాను, ఒక్కసారీ తగల్లేదు. తలుపు సగం వ్యాగను దగ్గరే పెట్టాను. కుంచె గారూ, మీరన్నదీ నిజమే. ఆ అట్టపెట్టె వచ్చాక వ్యాగను లోపలికి తోసిన ప్రతిసారీ ఓ క్షణం ఆగి చూస్తున్నా, అంతకుముందు ఎప్పుడూ ఆగలేదు.

కాబట్టి 5-3-3 అలాగే ఉంటుంది. లారీ దారి ముందు అంచున, పట్టాలతో సమానంగా. రెండో పాయింటు మీద ఇంజిన్ ఇప్పటికీ అప్పుడప్పుడూ ఆగుతోంది, అక్కడ ఫ్రాగ్‌కి తీగ కలిపేదాకా కంకర లేదు. సైడింగుల చివర్లలో మాత్రం ఈ వారమే మొదలుపెడతా.

పాయింట్స్‌మన్:
అయస్కాంతంతో విడిపోయే కాడీ కప్లింగులకి ఎప్పటికైనా మారే ఆలోచనుంటే, ప్రతి సైడింగు మొదట్లో అయస్కాంతానికి జాగా ఇప్పుడే గుర్తు పెట్టుకో. ఒక్కసారి దాని మీద విడదీస్తే, విడిపోయినట్టే లోపల ఎంత దూరమైనా నెట్టుకుపోవచ్చు. పుల్ల అవసరం ఉండదు.

కుంచె:
జిగురు పోసేముందు పొడి కంకరతో ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. స్లీపర్ల మీద మిగిలిన గింజలు మామూలు కంటికి కనబడవు, ఫోటోలో కనబడతాయి.