రాత్రివేళ కాలిబాటపై కలప దొంగల ముఖాలు కెమెరా ట్రాప్‌లో స్పష్టంగా పడటం లేదు

నేను అటవీ గస్తీ బృందంలో పనిచేస్తున్నాను. మా పరిధిలో రాత్రి 1 గంట నుంచి 4 గంటల మధ్య దొంగచాటుగా చెట్లు నరికి, ఒకే కాలిబాట మీదుగా దుంగలను తరలిస్తున్నారు. ఆ బాటపై మొదట 850 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల ఇన్‌ఫ్రారెడ్ (పరారుణ) కాంతితో పనిచేసే కెమెరా ట్రాప్‌లను, అంటే ఎవరైనా కదిలితే తమంతట తామే చిత్రం తీసే కెమెరాలను, అమర్చగా, వాటి దీపాల మసక ఎరుపు వెలుగును చీకట్లో గుర్తుపట్టి రెండింటిని పగలగొట్టారు. అందువల్ల కంటికి కనిపించని 940 నానోమీటర్ల కెమెరాలకు మారాము. అవి ఇంతవరకు ఎవరి కంటా పడలేదు గానీ, వెలుతురు చాలక నడిచే మనుషులు చెదిరిన నీడల్లా నమోదవుతున్నారు. అటువంటి చిత్రంతో ఎవరినీ గుర్తించలేము, నిర్దోషిని అనుమానించే ప్రమాదం కూడా ఉంది.

కెమెరా బాటకు 6 మీటర్ల దూరంలో, 3 మీటర్ల ఎత్తున, కిందికి వంచి ఉంది. బాటకు అడ్డంగా గురిపెడితే వేడిని పసిగట్టే సెన్సార్ వెంటనే స్పందిస్తుంది, అయితే కదలిక వల్ల ముఖం అలుక్కుపోతుంది. బాట పొడవునా ఎదురుగా తిప్పితే ఆ మసక తగ్గుతుంది, కానీ సెన్సార్ ఆలస్యంగా మేల్కొనడంతో మనిషి దాటిపోయాక వీపు మాత్రమే చిక్కుతుంది. సెన్సిటివిటీని పెంచి చూస్తే, పగటి ఎండకు వేడెక్కి ఊగే ఆకుల చిత్రాలతోనే మెమరీ కార్డు నిండిపోయింది. లిథియం బ్యాటరీలు వేసినా, వరుసగా 3 చిత్రాలు తీసేలా అమర్చినా తేడా కనబడలేదు.

940 నానోమీటర్ల కెమెరానే ఉంచుతూ, నడిచి వచ్చే మనిషి ముఖం స్పష్టంగా పడాలంటే దాన్ని బాటకు ఏ కోణంలో, ఎంత దూరంలో అమర్చాలి?