‘నెట్ కట్టేశారు’: ఎవరు?

2022 మే 24న జిల్లా పేరు మార్పు మీద అమలాపురంలో గొడవలయ్యాక కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. పేపర్లలో ‘నిలిపివేత’ అని రాశారు. బజార్లో విన్నది మాత్రం "నెట్ కట్టేశారు". వేసవిలో నీళ్ళు ఆపితే కాలవలు కట్టేశారు అంటాం చూడండి, అదే క్రియ. కర్త కనబడడు. ఎవరు కట్టేశారని ఎవరూ అడగరు కూడా, ఆ ‘-ఆరు’లోనే సర్కారు కూర్చుని ఉంది. మీవైపు ఏమంటారు?

తణుకు నుంచి: కాలవ దాకా ఎందుకండీ? ఫ్యాను కట్టెయ్, టీవీ కట్టెయ్ అంటాం కదా. ఇదీ అంతే.

పోస్టు పెట్టినవారు: ఆయ్, అంటామండి. కానీ ఫ్యాను ఎవరు కట్టేశారని ఇంట్లో గొడవే అవుతుంది, స్విచ్ అందరికీ అందుతుంది కాబట్టి. కాలవ లాకుల దగ్గర మన చెయ్యి ఆడదు.

కాకినాడ నుంచి: ఒక తేడా ఉంది. కాలవలు ఎప్పుడు కట్టేస్తారో, ఎప్పుడు వదుల్తారో ముందే చెబుతారు, నారుమళ్ళు ఆ లెక్కన పోసుకుంటాం. నెట్‌కి ఆ మర్యాద లేదు. అలాగని కర్త లేకపోలేదు. అప్పుడు అమల్లో ఉన్న 2017 టెలికాం సేవల నిలిపివేత నిబంధనల ప్రకారం రాష్ట్రంలో ఆ ఉత్తర్వు హోం శాఖ కార్యదర్శి ఇవ్వాలి, కారణం రాయాలి. ఉత్తర్వులు జనానికి తెలిసేలా ప్రచురించాలనీ, గడువు లేకుండా ఆపకూడదనీ 2020 జనవరిలో, కశ్మీర్‌లో నెట్ ఆపడం మీద వేసిన అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఏడాదే ఒక ఉత్తర్వు 15 రోజులకు మించకూడదని నిబంధన చేర్చారు. చట్టంలో ఉన్న కర్తని వాక్యంలోంచి మనమే తీసేశాం.

రాజమండ్రి నుంచి: కొన్ని ప్రభుత్వాలు కర్తని దాచవు, గొప్పగా చెప్పుకుంటాయి. బయటి ప్రపంచంతో తెగినా దేశంలో నెట్ నడిచేలా, ఆ పగ్గాలు తన చేతిలో ఉండేలా రష్యా 2019లో తెచ్చిన చట్టానికి ‘సార్వభౌమ ఇంటర్నెట్’ అనే పేరు పడింది. చైనాదీ అదే వాదన. సార్వభౌముడంటే భూమండలమంతా ఏలేవాడు. మా ఊరి రెడ్డిరాజుల కొలువులో ఉన్న శ్రీనాథుడికి కవిసార్వభౌముడని బిరుదు. ఎల్లలు లేనివాడి పేరు పెట్టి ఇప్పుడు ఎల్లలు గీస్తున్నారు!

ముమ్మిడివరం నుంచి: తణుకువారికి ఒక్క మాట. ఫ్యాను కట్టేశాక మళ్ళీ ‘వేస్తాం’. నెట్ వచ్చిన రోజు మా వీధిలో "వదిలారంట" అన్నారండి.