స్క్రిప్ట్ నడిపాక యూజర్ల పేర్లు పోయి నంబర్లు కనిపిస్తున్నాయి, కొత్తవాళ్లు లాగిన్ కావట్లేదు (ఉబుంటు 22.04)

మారతహళ్లి_సర్వర్:
మారతహళ్లి ఆఫీసులో ఒకే సర్వర్ మీద 26 మంది పనిచేస్తారు. ఈ సోమవారం ఐదుగురు చేరారు, ఒకరు మానేశారు. హెచ్‌ఆర్ ఇచ్చిన ఎక్సెల్ షీట్‌లో యూఐడీ (యూజర్ నంబరు), జీఐడీ (గ్రూపు నంబరు), హోమ్ (సొంత ఫోల్డర్), చివరి కాలమ్‌గా షెల్ (కమాండ్లు తీసుకునే ప్రోగ్రామ్) నేనే నింపి సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైల్‌గా) సేవ్ చేశాను. స్క్రిప్ట్ చేసే పని ఇది: ఎంకేటెంప్‌తో /టెంప్‌లో ఒక తాత్కాలిక ఫైల్ తెరిచి, ఖాతాల జాబితా ఉండే పాత /ఎట్సీ/పాస్‌డబ్ల్యూడీని అందులోకి తీసుకుని, మానేసిన వ్యక్తి లైను గ్రెప్ -వీతో తీసేసి, సీఎస్‌వీలోని కామాలను కోలన్లుగా మార్చి చివర అతికించి, ఎంవీతో (ఫైల్‌ని జరిపే కమాండ్) అసలు ఫైల్ మీద పెట్టడం. పాస్‌వర్డ్‌లు గుప్తంగా దాచే షాడో ఫైల్‌కీ ఇదే పద్ధతి. హోమ్ డైరెక్టరీలు విడిగా చేశాను.

ఇప్పుడు పరిస్థితి:
1. రూట్‌కి (అన్ని హక్కులున్న అడ్మిన్ ఖాతా) అంతా బాగానే ఉంది. మిగతావాళ్లకి ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ -ఎల్‌లో ఓనర్ స్థానంలో 1004 లాంటి నంబరు, గ్రూపు పేరు మాత్రం సరిగ్గానే. ప్రాంప్ట్‌లో «ఐ హ్యావ్ నో నేమ్!» అని వస్తోంది. గిట్ పుష్ చేస్తే «నో యూజర్ ఎగ్జిస్ట్స్ ఫర్ యూఐడీ 1004» అంటోంది.
2. కొత్త ఐదుగురిలో ఒక్కరికీ ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వచ్చే దారి) లాగిన్ అవ్వట్లేదు, పాస్‌వర్డ్ సరైనదే.
3. మానేసిన వ్యక్తి యూఐడీ 1025 ఖాళీ అయింది కదా అని కొత్తమ్మాయికి ఇచ్చాను. /ఎస్ఆర్‌వీ కింద పాత వ్యక్తి ఫైళ్లన్నీ ఆమె పేరు మీద కనిపిస్తున్నాయి.

సాయంత్రంలోగా సరిచేయాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?

గిండీ_రూట్:
ముందు ఒక పని: ఇప్పుడు తెరిచి ఉన్న రూట్ సెషన్ మూయకండి. పని పూర్తయ్యేదాకా అదొకటి పక్కన ఉండాలి. సర్వర్ రీబూట్ కూడా వద్దు.

మొదటి సమస్యకు జవాబు మీ మాటల్లోనే ఉంది. గ్రూపు పేరు వస్తోంది, ఓనర్ పేరు రావట్లేదు. అంటే గ్రూపు ఫైల్ అందరూ చదవగలుగుతున్నారు, పాస్‌డబ్ల్యూడీ ఫైల్ చదవలేకపోతున్నారు. ఎంకేటెంప్ తెరిచే ఫైల్‌కి అనుమతులు ఎప్పుడూ 600, అంటే ఓనర్‌కి, రూట్‌కి తప్ప ఎవరికీ చదవడం కుదరదు. ఎంవీ ఆ అనుమతుల్ని మార్చదు, అలాగే తీసుకొచ్చి పెడుతుంది. యూఐడీ నుంచి పేరు వెతికేది ఎల్ఎస్, బ్యాష్, ఎస్ఎస్‌హెచ్ క్లయింట్ లాంటి మామూలు ప్రోగ్రాములు. అవి యూజర్ హక్కులతోనే నడుస్తాయి కాబట్టి వాటికి తలుపు మూసుకుపోయింది. లాగిన్ చేయించే ఎస్ఎస్‌హెచ్‌డీ రూట్‌గా చదువుతుంది, అందుకే పాతవాళ్లు లోపలికి రాగలుగుతున్నారు. కింద సీహెచ్‌ఓన్ ఓనర్‌ని, సీహెచ్‌మాడ్ అనుమతుల్ని సరిచేస్తాయి:

సీహెచ్‌ఓన్ రూట్:రూట్ /ఎట్సీ/పాస్‌డబ్ల్యూడీ
సీహెచ్‌మాడ్ 644 /ఎట్సీ/పాస్‌డబ్ల్యూడీ
సీహెచ్‌ఓన్ రూట్:షాడో /ఎట్సీ/షాడో
సీహెచ్‌మాడ్ 640 /ఎట్సీ/షాడో

షాడోది మరిచిపోవద్దు. ప్రస్తుతానికి దాని వల్ల ఏ ఇబ్బందీ కనిపించకపోవచ్చు. కానీ డెబియన్, ఉబుంటుల్లో స్క్రీన్ లాక్ లాంటివి పాస్‌వర్డ్ సరిచూడటానికి యునిక్స్_సీహెచ్‌కేపీడబ్ల్యూడీ అనే చిన్న ప్రోగ్రామ్ మీద ఆధారపడతాయి. అది షాడో గ్రూపు హక్కుతో ఫైల్ చదువుతుంది. గ్రూపు రూట్‌గా మారిపోతే అక్కడ ఆగిపోతుంది. రెడ్ హ్యాట్ కుటుంబంలో లెక్క వేరు. షాడో అనుమతులు అక్కడ 000, పైగా /టెంప్ నుంచి వచ్చిన ఫైల్‌కి ఎస్ఈలినక్స్ (అదనపు భద్రతా పొర) లేబుల్ తప్పుగా ఉంటుంది, దాన్ని సరిచేసే రెస్టోర్‌కాన్ నడపాలి. మీది ఉబుంటు కాబట్టి ఆ గొడవ లేదు.

సరిచూడటానికి మామూలు యూజర్‌గా గెట్ఎంట్ పాస్‌డబ్ల్యూడీ 1004 అనండి. లైను వస్తే సరే.

బీటీఎం_షెల్:
రెండోది ఎక్సెల్ పని అయి ఉండాలి. విండోస్‌లో సేవ్ చేసిన సీఎస్‌వీలో ప్రతి లైను చివర క్యారేజ్ రిటర్న్ అనే కనపడని అక్షరం ఉంటుంది. మీ షీట్‌లో చివరి కాలమ్ షెల్. అంటే ఫైల్‌లో ఉన్నది /బిన్/బ్యాష్ కాదు, /బిన్/బ్యాష్ తోక అంటించుకున్న ఇంకో పేరు. అలాంటి ఫైల్ ఎక్కడా లేదు. షెల్ ప్రోగ్రామ్ దొరకని యూజర్‌ని ఎస్ఎస్‌హెచ్‌డీ రానివ్వదు. బయటికి మాత్రం పాస్‌వర్డ్ తప్పన్నట్టే «పర్మిషన్ డినైడ్» చూపిస్తుంది. అసలు కారణం /వార్/లాగ్/ఆత్.లాగ్‌లో రాసి ఉంటుంది, షెల్ లేదు అని.

టెయిల్ -5 /ఎట్సీ/పాస్‌డబ్ల్యూడీ | క్యాట్ -ఏ (పెద్ద అక్షరం A)

లైను చివర ఒక్క డాలర్ గుర్తే ఉంటే మంచి లైను. డాలర్‌కి ముందు టోపీ గుర్తు, ఎం కనిపిస్తే అదే దోషం. దిద్దడానికి ఈ ఫైళ్ల కోసమే ఉన్న కమాండ్ వీఐపీడబ్ల్యూ వాడండి, షాడోకి వీఐపీడబ్ల్యూ -ఎస్. మామూలు వీఐఎంతో నేరుగా తెరవొద్దు.

ఇంకొక అనుమానం. షీట్‌లో పేరు పక్కన సీటు వివరం ఏమైనా ఉందా? పాస్‌డబ్ల్యూడీ లైనులో సరిగ్గా ఏడు గడులు: లాగిన్ పేరు, పాస్‌వర్డ్ స్థానంలో ఎక్స్, యూఐడీ, జీఐడీ, జీకాస్ అనే వివరాల గడి, హోమ్, షెల్. మధ్యలో ఆరు కోలన్లు. వివరాల్లో «బ్లాక్ 2:3వ అంతస్తు» అని ఎవరైనా రాస్తే ఆ కోలన్ ఏడో కోలన్ అవుతుంది. అక్కడి నుంచి గడులు ఒకటి జరుగుతాయి, «3వ అంతస్తు» హోమ్ డైరెక్టరీ అయి కూర్చుంటుంది. షాడోలో తొమ్మిది గడులు, కోలన్లు ఎనిమిది.

ఏడబ్ల్యూకే -ఎఫ్: 'ఎన్ఎఫ్!=7' /ఎట్సీ/పాస్‌డబ్ల్యూడీ
పీడబ్ల్యూసీకే -ఆర్

మొదటిది ఏడు గడులు లేని లైన్లు చూపుతుంది, కాబట్టి ఏమీ రాకూడదు. ఫైల్‌లో తప్పులు వెతికే రెండోదానికి -ఆర్ తప్పనిసరిగా పెట్టండి. అది లేకపోతే తప్పు లైను కనిపించినప్పుడల్లా తీసేయనా అని అడుగుతుంది, కంగారులో అవునని కొడితే ఆ యూజర్ పోతాడు. కొన్ని సిస్టమ్ ఖాతాలకి హోమ్ డైరెక్టరీ లేదని చెబుతుంది, అది మామూలే.

మారతహళ్లి_సర్వర్:
ఇద్దరికీ చాలా థాంక్స్ అన్నా. సీహెచ్‌మాడ్ చేయగానే పేర్లు తిరిగొచ్చాయి. క్యాట్ -ఏలో ఐదు లైన్లకీ ఆ ఎం ఉంది, ఒకరికి సీటు కోలన్ కూడా ఉంది. దిద్దాక ఐదుగురూ లాగిన్ అయ్యారు. ఇకమీదట స్క్రిప్ట్‌లో ఎంవీ ముందు సీహెచ్‌మాడ్, క్యారేజ్ రిటర్న్ తీసే లైను చేరిస్తే చాలా? 1025 సంగతి ఇంకా అలాగే ఉంది.

గిండీ_రూట్:
చాలదు. తాళం లేకుండా రాయడం అసలు ప్రమాదం. ఖాతా చేర్చే యూజర్‌యాడ్, మార్చే యూజర్‌మాడ్, వీఐపీడబ్ల్యూ అన్నీ ముందు /ఎట్సీ/పాస్‌డబ్ల్యూడీ.లాక్ పెట్టుకుని, పని అయ్యాక తీసేస్తాయి. మీ స్క్రిప్ట్ ఆ తాళం చూడదు. ఉబుంటు తనంతట తాను అప్‌డేట్లు వేసుకుంటుంది, ఆ సమయంలో ఏదో ప్యాకేజీ తన కోసం సిస్టమ్ యూజర్‌ని చేర్చవచ్చు. మీరు కాపీ తీసుకున్నాక, ఎంవీ చేసేలోపు అది జరిగితే ఆ కొత్త యూజర్ మాయం. ఏ ఎర్రరూ రాదు. వారం తర్వాత ఆ సర్వీసు ఎందుకు లేవట్లేదో వెతుక్కోవాలి.

అయినా కొత్త ఫైల్ విడిగా రాసి ఒక్కసారిగా పేరు మార్చడమనే మీ ఆలోచన సరైనదే, దాన్ని వదలొద్దు. కొందరు సెడ్‌తో (టెక్స్ట్ మార్చే కమాండ్) మార్చి > గుర్తుతో అదే ఫైల్‌లోకి పంపుతారు. షెల్ ఆ కమాండ్‌ని మొదలుపెట్టకముందే ఫైల్‌ని సున్నా బైట్లకి కోసేస్తుంది, సెడ్ చదివేసరికి అక్కడ ఏమీ ఉండదు. టీ కమాండ్‌కి -ఏ మరిచినా ఇదే గతి. రీనేమ్ అలా కాదు. ఆ క్షణంలో చదివేవాడికి పాత ఫైల్ మొత్తమైనా దొరుకుతుంది, కొత్త ఫైల్ మొత్తమైనా దొరుకుతుంది, సగం ఎప్పుడూ దొరకదు. ఈ హామీ రెండూ ఒకే ఫైల్‌సిస్టమ్‌లో ఉంటేనే. /టెంప్ వేరే పార్టిషన్ అయితే ఎంవీ పాతది తీసేసి, కొత్తది కాపీ చేస్తుంది. మధ్యలో పాస్‌డబ్ల్యూడీ ఫైలే లేని క్షణం ఒకటి ఉంటుంది. కాబట్టి ఏ కాన్ఫిగ్ ఫైల్‌కైనా తాత్కాలిక ఫైల్ అదే డైరెక్టరీలో తెరవండి, రీనేమ్‌కి ముందు సింక్ చేయండి, అంటే డేటాని డిస్కు మీద రాయించండి. బెంగళూరు వానలకి కరెంటు పోయి, యూపీఎస్ బ్యాటరీ నిలబడకపోతే సింక్ కాని డేటా డిస్కు మీద ఉంటుందన్న నమ్మకం లేదు.

ఖాతాలకి మాత్రం సొంత స్క్రిప్ట్ వద్దు. సీఎస్‌వీని లైను లైనుగా చదువుతూ యూజర్‌యాడ్ -ఎం -సీ "పేరు" -ఎస్ /బిన్/బ్యాష్ లాగిన్ అని పిలవండి, యూఐడీని దానికే వదిలేయండి. హోమ్, గ్రూపు, షాడో లైను అన్నీ అదే చూసుకుంటుంది, వివరాల్లో కోలన్ ఉంటే ఒప్పుకోదు. తర్వాత సీహెచ్‌పాస్‌డబ్ల్యూడీతో తాత్కాలిక పాస్‌వర్డ్, చేజ్ -డీ 0 లాగిన్ అంటే మొదటి లాగిన్‌లోనే మార్చుకోక తప్పదు. పాత ఖాతాని ఇంకో గ్రూపులో చేర్చేటప్పుడు యూజర్‌మాడ్ -ఏజీ (-aG, ఏ చిన్నది, జీ పెద్దది) అనండి. ఏ లేకుండా జీ ఒక్కటే ఇస్తే మిగతా అదనపు గ్రూపులన్నీ ఊడిపోతాయి.

బీటీఎం_షెల్:
1025 గురించి. డిస్కు మీద ఫైల్‌కి ఓనర్ పేరు ఉండదు, నంబరే ఉంటుంది. నంబరు ఎవరిదైతే ఫైల్ వాళ్లది. యూజర్‌యాడ్ కూడా ఉన్నవాటిలో పెద్ద యూఐడీకి ఒకటి కలిపి ఇస్తుంది కాబట్టి, చివర చేరినవాళ్ల ఖాతా తీసేస్తే తర్వాతివాళ్లకి అదే నంబరు వెళ్తుంది. అందుకే ఖాతా తీసేయకుండా మూసేయడం మేలు.

ముందు కొత్తమ్మాయిని లాగౌట్ చేయించి, యూజర్‌మాడ్ -యూ 1041 అని వాడుకలో లేని నంబరు ఇవ్వండి. హోమ్ లోపలి ఆమె ఫైళ్ల ఓనర్‌ని అదే మారుస్తుంది, బయటివి మీరు చూడాలి. సోమవారం నుంచి /ఎస్ఆర్‌వీలో ఆమె నిజంగా చేసిన ఫైళ్లు కూడా 1025 పేరుతోనే ఉంటాయి కాబట్టి, ఫైండ్ /ఎస్ఆర్‌వీ -యూఐడీ 1025 -ఎంటైమ్ -7 జాబితా తీసి ఆమెనే అడిగి విడదీయండి. వాటిని సీహెచ్‌ఓన్ -హెచ్‌తో ఆమెకి, మిగతావి ప్రాజెక్టు చూసేవాళ్లకి. -హెచ్ ఎందుకంటే, అది లేకపోతే సిమ్‌లింక్ (ఇంకో ఫైల్‌ని చూపించే దారి) బదులు అది చూపించే అసలు ఫైల్ ఓనర్ మారిపోతాడు.

ఆ తర్వాత మానేసిన వ్యక్తి లైన్లు రెండు ఫైళ్లలోనూ 1025తోనే తిరిగి పెట్టండి. పాత లైన్లు /ఎట్సీ/పాస్‌డబ్ల్యూడీ-, /ఎట్సీ/షాడో- లో వెతకండి. అయితే వీఐపీడబ్ల్యూ వాడారు కాబట్టి ఆ కాపీలు ఇప్పటికే మారి ఉండొచ్చు. అప్పుడు /వార్/బ్యాకప్స్ కింద చూడండి. తిరిగి పెట్టాక యూజర్‌మాడ్ -ఎల్ -ఈ 1 (-L -e 1, ఎల్ పెద్ద అక్షరం). ఎల్ ఒక్కటే చాలదు. అది షాడోలోని పాస్‌వర్డ్ ముందు ఆశ్చర్యార్థకం పెడుతుందంతే, ఎస్ఎస్‌హెచ్ కీతో వచ్చేవాళ్లకి దారి తెరిచే ఉంటుంది. -ఈ 1 ఖాతా గడువు 1970 జనవరి 2తో ముగిసిందని రాస్తుంది, కీ ఉన్నా రానివ్వదు.

వేళకి తమంతట నడిచే పనులు (క్రాన్) ఏమున్నాయో క్రాన్‌ట్యాబ్ -ఎల్ -యూ అని ఆ లాగిన్ పేరుతో ఒకసారి చూడండి. రాత్రి బ్యాకప్ ఆ వ్యక్తి క్రాన్ నుంచే నడుస్తుంటే, గడువు ముగిసిన ఖాతాకి ఆ పని ఇక నడవదు. ముందు దాన్ని వేరే సర్వీసు ఖాతాకి మార్చి, తర్వాత మూయండి.