అప్‌డేట్: యాంజియోగ్రామ్ క్లీన్, అయినా ఛాతీ నొప్పి. స్పాజమ్ టెస్ట్ అయింది

నాన్నకి తెల్లవారుజామున పడుకుని ఉండగానే ఛాతీ నొప్పి వస్తోంది, యాంజియోగ్రామ్‌లో బ్లాకులేమీ లేవు, స్పాజమ్ టెస్ట్ (గుండె రక్తనాళం ఉన్నట్టుండి ముడుచుకుపోతోందేమో చూసే పరీక్ష) చేయించాలా అని అడిగాను కదా, చేయించాం. ముందే రక్తనాళాల్ని సడలించే డిల్టియాజెమ్, నైట్రేట్ మాత్రలు ఆపించారు, అవి ఒంట్లో ఉంటే స్పాజమ్ బయటపడదట. క్యాథ్ ల్యాబ్‌లో (యాంజియోగ్రామ్ చేసే గది) స్పాజమ్‌ని రప్పించే ఎసిటైల్‌కోలిన్ అనే మందుని నేరుగా గుండె రక్తనాళంలోకి డోసు పెంచుకుంటూ ఎక్కించారు. ఒక డోసు దగ్గర నాన్న "ఇదే, ఈ నొప్పే" అన్నారట, అప్పుడే ఈసీజీ మారింది, నాళం 90 శాతానికి పైగా ముడుచుకుపోయింది. ఈ మూడూ కలిస్తేనే పెద్ద నాళం స్పాజమ్ ఖాయమంటారు. నొప్పీ, ఈసీజీ మార్పూ ఉండి పెద్ద నాళం బాగానే ఉంటే సన్న నాళాల స్పాజమ్ అనుకుంటారట. నాళాన్ని సడలించే నైట్రోగ్లిజరిన్ ఇవ్వగానే నాన్న నాళం తెరుచుకుంది (బయట మా టెన్షన్ సంగతి వదిలేయండి). స్పాజమ్ పెరిగే ప్రమాదం ఉందని బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే మందు) తీసేసి, డిల్టియాజెమ్ మళ్లీ మొదలుపెట్టారు. సిగరెట్ పూర్తిగా బంద్, ఇప్పుడు ఇంట్లో గొడవంతా దాని మీదే.