ఇంట్లో, పెరట్లో రోజూ కనబడేవాటిని ఫొటో తీయడం: మీ అనుభవాలు చెప్పండి

గుమ్మంముగ్గు (రాజమండ్రి):
ఉద్యోగ విరమణ తరువాత రోజుకొక ఫొటో తీయాలని, అది కూడా ఇల్లు దాటకుండానే తీయాలని నియమం పెట్టుకొని రెండు నెలలయింది. తెల్లవారుజామున మా ఆవిడ వేసే చుక్కల ముగ్గు కంటికి ఎంతో నిండుగా ఉంటుంది కాని, పదింటికి నేను ఫోను పట్టుకొని వెళ్ళేసరికి సున్నం గీతల్లా తెల్లగా, చదునుగా వస్తున్నది. ఎర్ర మందారమైతే రేకుల ఈనెలు కూడా కనబడకుండా కుంకుమ ముద్దలా వస్తున్నది. లోపం ఫోనుదా, నాదా?

తూర్పువాకిలి (వరంగల్లు):
లోపం వేళది. ఎండ నెత్తిమీదికి వచ్చాక పిండి గీతకు నీడ పడదు. ఆరున్నర ప్రాంతంలో వెలుతురు నేలను రాసుకుంటూ వస్తుంది కాబట్టి, వేలి సందులోంచి జారిన పిండి ఎక్కడ ఒత్తుగా పడిందో, ఎక్కడ పలచబడిందో దాని నీడే చెబుతుంది. నిలబడి కాకుండా, ఫోనును మోకాలి ఎత్తుకు దించి, సూర్యుడి వైపు తిరిగి తీయండి. బియ్యప్పిండి ముగ్గయితే కాసేపటికి చీమలు కూడా వస్తాయి. ముగ్గురాయి పొడి వాడేవారికి ఆ భాగ్యం లేదు.

వేపనీడ (హైదరాబాదు):
మందారం సంగతి వేరు. నేరుగా పడే ఎండలో ఎరుపు మోతాదు మించిపోయి, కెమెరా ఆ ఒక్క రంగులో ఇక తేడాలు పట్టలేదు. అందుకే ఈనెలు మాయమవుతాయి. తెరమీద పువ్వును తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొంచెం కిందికి జరపండి. మబ్బు పట్టినప్పుడు తీస్తే ఇంకా మేలు. మబ్బు లేకపోతే నేను గొడుగు పడతాను, ఎదురింటివారు నవ్వుకున్నా సరే. మరీ దగ్గరికి వెళ్తే మసకబారుతుంది కనుక, జానెడు వెనక్కి వచ్చి, జూమ్‌తో రెండింతలు చేసుకొని తీయండి. అన్నిటికంటే ముందు కటకాన్ని మెత్తటి నూలుగుడ్డతో తుడవండి. వంటింట్లో తిరిగే ఫోనుకు పోపు జిడ్డు అంటుకొనే ఉంటుంది.

దండెం (విజయవాడ):
వాన వెలిశాక బట్టల దండేన్ని చూడండి. దానికి వేలాడే చుక్క ఒక్కొక్కటీ చిన్న కటకమే. మా దండెం చుక్కల్లో ఎదురింటి కొబ్బరిచెట్టు తలకిందులుగా కనిపిస్తుంది. వంటింట్లో తీసేటప్పుడు ట్యూబులైటు ఆర్పి, కిటికీ వెలుతురు ఒక్కటే ఉంచండి. రెండూ కలిస్తే ఇడ్లీ ఒకవైపు నీలంగా, మరోవైపు పసుపుగా వస్తుంది. ఇంట్లో ఏముందని తీస్తామని అడిగేవారికి నేను చెప్పేదొకటే: 1835లో ఇంగ్లండులో, ఫొటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకరైన టాల్బట్ కాగితం మీద తీసిన తొలి నెగెటివులలో ఒకటి ఆయన ఇంటి కిటికీదే.

రాత్రిపూలు (నెల్లూరు):
ఒక మాట అడ్డం చెబుతున్నందుకు మన్నించండి. నిరుడు మా మేడమీద బ్రహ్మకమలం పూసిన రాత్రి తొమ్మిదింటి నుంచి పన్నెండు దాకా నేను తెరలోనే చూశాను. వందకు పైగా ఫొటోలున్నాయి, వాసన మాత్రం గుర్తులేదు. ఇప్పుడు మూడు తీసి ఫోను లోపల పెట్టేస్తున్నాను.

తూర్పువాకిలి:
రాత్రిపూలు గారూ, మీ మూడు ఫొటోల లెక్క నాకు నచ్చింది. నా విషయంలో మాత్రం తిరగబడింది: ఫోను పట్టకముందు ఇరవై ఏళ్ళు మా వాకిట్లో ముగ్గును చూడకుండానే దాటుకొని ఆఫీసుకు పోయినవాణ్ణే.

గుమ్మంముగ్గు:
అందరికీ ధన్యవాదాలు. ఈ రోజు ఆరూనలభైకి వాకిట్లో మోకాళ్ళ మీద కూర్చున్నాను. ‘ఏం పారేసుకున్నారు?’ అని మా ఆవిడ అడిగింది. పిండి గట్లు, వాటి నీడలు స్పష్టంగా వచ్చాయి, ఒక చీమ కూడా పడింది. ఫొటో చూపిస్తే ఆవిడ చాలాసేపు చూసి, ఎడమ అంచున ఒక చుక్క తప్పిపోయిందనీ, ఇది ఎవరికీ పంపవద్దనీ, రేపు మళ్ళీ తీయమనీ చెప్పింది.